యూనిట్ - 9: వాతావరణ మార్పు – చిన్నకారు పశుపోషణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మారుతున్న వాతావరణం: కొన్ని మౌలికాంశాలు
9.3 వేడి ఒత్తిడి
9.4 మేత, నీరు
9.5 వ్యాధులు
9.6 మంద తరగడం, తేరుకోవడం
9.7 తట్టుకొనే మార్గాలు
9.8 వాతావరణ మార్పులో పశువుల పాత్ర
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మాదిరి జవాబులు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

- వేడి, మేత, నీరు, వ్యాధుల ద్వారా వాతావరణ మార్పు పశువులను ఎలా తాకుతుందో వివరించగలుగుతారు;
- ఉష్ణోగ్రత – తేమ సూచిక అంటే ఏమిటో తెలుసుకొని, దాన్ని లెక్కకట్టగలుగుతారు;
- కరువులో అమ్ముకున్న మంద మళ్లీ పెరగడానికి ఎంత కాలం పడుతుందో అంచనా వేయగలుగుతారు;
- చిన్న పశుపోషకునికి పనికివచ్చే జాగ్రత్తలను ప్రాధాన్యక్రమంలో సూచించగలుగుతారు.

9.1 పరిచయం

రెండు గేదెలో, నాలుగు మేకలో, ముప్పై నలభై గొర్రెలో ఉన్న కుటుంబాన్ని చిన్నకారు పశుపోషక కుటుంబం అంటాం. ఇటువంటి కుటుంబానికి సొంత పొలం ఉండవచ్చు, లేకపోవచ్చు. పంట పోయిన ఏడాది పాలడబ్బులతో ఇల్లు గడుస్తుంది. పెళ్లికీ, ఆసుపత్రి ఖర్చుకూ, పిల్లల ఫీజుకూ ఒక పొట్టేలు సంతకు పోతుంది. అందువల్ల వీరి దృష్టిలో పశువు ఆదాయమే కాదు, దాచుకున్న సొమ్ము కూడా.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. తెలంగాణలో దాదాపు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలు లెక్కకు వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం వర్షాధార మెట్ట ప్రాంతాల్లో, బయట మేసి బతికేవే. కాబట్టి ఈ యూనిట్‌లో ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణ, రాయలసీమల గొర్రెల మందల నుంచి, ఇంటి పాడి నుంచి తీసుకున్నాం.

వాతావరణ మార్పు అనగానే ఎండదెబ్బకు పశువు పడిపోవడమే చాలామందికి గుర్తుకు వస్తుంది. అది నిజమే కానీ, అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. చెడ్డ ఏడాదిలో చావకుండా మిగిలిన పశువులను కూడా అమ్ముకోవలసి రావడం, ఆ మంద మళ్లీ పెరిగేలోగా ఇంకో చెడ్డ ఏడాది రావడం. ఈ యూనిట్ ముగిసేసరికి మీకు స్పష్టం కావలసిన ప్రధాన విషయం ఇదే.

9.2 మారుతున్న వాతావరణం: కొన్ని మౌలికాంశాలు

ఒక రోజు ఎండ, ఒక ఏడాది కరువు వాతావరణ మార్పు అనిపించుకోవు. దశాబ్దాల తరబడి లెక్కించిన సగటులూ, వాటి హెచ్చుతగ్గులూ మారితే దాన్ని వాతావరణ మార్పు అంటాం. 1850–1900 కాలంతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూ ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక మన దేశానికి సంబంధించి మూడు ముఖ్యాంశాలు చెప్పింది:

1. 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది.
2. 1951–2015 మధ్య జూన్–సెప్టెంబరు వర్షపాతం దాదాపు 6 శాతం తగ్గింది.
3. 1951–2016 మధ్య కరువుల సంఖ్య, అవి వ్యాపించిన విస్తీర్ణం పెరిగాయి. దక్షిణ ద్వీపకల్పంతో సహా కొన్ని ప్రాంతాల్లో సగటున దశాబ్దానికి రెండుకు పైగా కరువులు వచ్చాయి.

మూడో అంశాన్ని గుర్తుపెట్టుకోండి. 9.6లో దానితో పని ఉంది.

9.3 వేడి ఒత్తిడి

పశువు శరీరంలో వేడి రెండు వైపుల నుంచి చేరుతుంది. ఒకటి బయటి ఎండ, వేడిగాలి. రెండోది లోపలి వేడి. నెమరువేసే జంతువుల పెద్ద పొట్టలో మేత పులిసేటప్పుడు వేడి పుడుతుంది. పీచు ఎక్కువ ఉన్న ఎండుగడ్డి తిన్నప్పుడు ఈ వేడి మరింత ఎక్కువ. ఇలా చేరిన వేడిని చెమట, శ్వాసల ద్వారా బయటికి పంపలేని స్థితిని వేడి ఒత్తిడి అంటాం.

అప్పుడు పశువు తనను తాను కాపాడుకోవడానికి మొదట చేసే పని మేత తగ్గించడం. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. నోరు తెరిచి రొప్పుతుంది, చొంగ కారుస్తుంది. లాలాజలం అలా బయటికి పోవడం వల్ల పొట్టలో ఆమ్లత పెరిగి అరుగుదల చెడుతుంది. గేదె పరిస్థితి ఇంకా కష్టం. దాని చర్మం నలుపు, వెంట్రుకలు పలుచన, ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు తక్కువ. అందుకే అది చెరువు కోసం, బురద కోసం వెతుక్కుంటుంది. వేసవిలో గేదెలు పైకి లక్షణాలు కనబడకుండా ఎదకు రావడాన్ని మూగ ఎద అంటారు. ఎదను గుర్తించకపోతే చూడి కట్టించే అదను తప్పుతుంది. ఒక్కొక్క అదను తప్పినప్పుడల్లా ఈత మూడు వారాలు వెనక్కి జరుగుతుంది. పాల చుక్క లేకుండా మేపవలసిన రోజులు ఆ మేరకు పెరుగుతాయి. ఈ నష్టం ఎవరి లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

వేడి ఒత్తిడిని కొలవడానికి ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందుకని రెండింటినీ కలిపి ఉష్ణోగ్రత – తేమ సూచికను వాడతారు. ఎక్కువగా వాడే సూత్రాల్లో ఒకటి:

సూచిక = (1.8 × ఉ + 32) – [(0.55 – 0.0055 × తే) × (1.8 × ఉ – 26)]

ఇందులో ‘ఉ’ అంటే డిగ్రీల సెల్సియస్‌లో ఉష్ణోగ్రత, ‘తే’ అంటే సాపేక్ష తేమ శాతం. సూచిక 72 దాటితే ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవులకు ఒత్తిడి మొదలవుతుందని సాధారణంగా లెక్కిస్తారు. నాటు జాతులు ఇంతకన్నా కొంత ఎక్కువ తట్టుకుంటాయి.

*ఉదాహరణ:* మే నెలలో రాయలసీమలో ఒక మధ్యాహ్నం ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, తేమ 25 శాతం అనుకుందాం. సూచిక సుమారు 87 వస్తుంది. జూలైలో కోస్తాలో ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. సూచిక మళ్లీ సుమారు 87. వానలు మొదలయ్యాయి కదా అని రైతు నిశ్చింతగా ఉన్న రోజున కూడా పశువు మే నెల ఎండలో ఉన్నంత బాధ పడుతూ ఉండవచ్చునని దీని అర్థం. అయితే ఈ సూచికలో నేరుగా తగిలే ఎండ, వీచే గాలి లెక్కకు రావు. చెట్టునీడ, గాలి ఆడే కొట్టం ఎంత మేలు చేస్తాయో సూచిక చెప్పదు.

> మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
> 1. వేసవిలో గేదెలు చూడి కట్టడం ఎందుకు ఆలస్యమవుతుంది?
> 2. ఉష్ణోగ్రత 36 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నప్పుడు సూచిక ఎంత?

9.4 మేత, నీరు

మెట్ట ప్రాంతంలో మేత మూడు చోట్ల నుంచి వస్తుంది: పంట చేలలో మిగిలే చొప్ప, గడ్డి, వేరుశనగ కట్టె, బంజర్లు, గుట్టలు, చెరువు శిఖాలు వంటి ఉమ్మడి భూములు, చెట్ల ఆకులు, కాయలు. వాన తప్పితే మూడూ ఒకేసారి తగ్గుతాయి. పంట ఎండితే గింజతోపాటు గడ్డీ పోతుంది. వేడి ఎక్కువైన చోట పెరిగిన గడ్డిలో అరగని పీచు పెరుగుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి. పశువు కడుపు నిండినా ఒంటికి పట్టదు.

వానకూ వానకూ మధ్య ఎడం పెరగడం మరో ప్రమాదం తెస్తుంది. నీటి ఎద్దడికి వాడిపోయిన లేత జొన్నలోనూ, కోసిన మోళ్ల నుంచి మళ్లీ పుట్టిన పిలకల్లోనూ సయనైడ్ విషం పుట్టించే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఈ పిలకలను మన పల్లెల్లో ‘నాము’ అంటారు. ఆకలిమీద ఉన్న మంద నాములో పడితే కొద్ది నిమిషాల్లోనే పశువులు ఊపిరాడక పడిపోతాయి. పశువైద్యుడు వెంటనే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు ఇస్తే బతికే అవకాశం ఉంది. కరువు ఆకలితోనే కాక ఆకలి తినిపించిన మేతతో కూడా చంపుతుందనడానికి ఇది ఉదాహరణ.

నీటి సంగతి కూడా ఇంతే. వేసవిలో పాడి గేదెకు రోజుకు 60 లీటర్లకు పైగా తాగునీరు కావాలి. ఊరి చెరువు ఎండితే ఆ నీరు బోరు దగ్గర నుంచి బిందెలతో రావాలి. చాలా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే. గొర్రెల మంద అయితే నీటి కోసమే కిలోమీటర్లు నడుస్తుంది, మేసిన బలంలో కొంత ఆ నడకకే ఖర్చవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పూర్వం కూడా కరువులు వచ్చాయి. వాన పడిన దిక్కుకు మందను తోలుకుపోవడం గొల్ల, కురుమ కాపరులు తరతరాలుగా పాటిస్తున్న ఉపాయం. కోత అయిన చేలలో మంద కట్టి ఎరువిస్తే రైతు గింజలో డబ్బో ఇచ్చేవాడు. బోర్ల కింద రెండో పంట వేయడం, తోటలకు కంచెలు పడటం, బంజర్లు తరగడం వల్ల ఆ దారులు ఇరుకయ్యాయి. వాతావరణం చేసే నష్టం భూమి వినియోగంలో వచ్చిన మార్పుతో కలిసి రెట్టింపవుతుంది.

9.5 వ్యాధులు

అనేక పశువ్యాధులు కాలాన్ని బట్టి వస్తాయి. వాన, వేడి, తేమల క్రమం మారితే వ్యాధుల క్రమమూ మారుతుంది. రెండు ఉదాహరణలు చూద్దాం.

నీలినాలుక వ్యాధి: ఇది వైరస్ వల్ల ప్రధానంగా గొర్రెలకు వచ్చే వ్యాధి. క్యూలికాయిడిస్ అనే అతిచిన్న కుట్టే కీటకాలు దీన్ని వ్యాపింపజేస్తాయి. జ్వరం, మూతి వాపు, నోటిలో పుండ్లు, ముక్కు కారడం, కుంటడం దీని లక్షణాలు. ఈ కీటకాలు పేడ కలిసిన తడి బురదలో పెరుగుతాయి. అందుకే దక్షిణ భారతంలో ఈ వ్యాధి వానలు బాగా పడ్డాక, ముఖ్యంగా అక్టోబరు–డిసెంబరు నెలల్లో విజృంభిస్తుంది. కరువు తరువాత వచ్చే మంచి వానలు బలహీనంగా ఉన్న మందకు ఇలా రెండో దెబ్బ కావచ్చు. ఒకప్పుడు వేడి దేశాల వ్యాధిగా పేరుపడ్డ ఇది 2006లో నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీలకు వ్యాపించింది. వేడెక్కే వాతావరణానికీ పశువ్యాధులకూ ఉన్న సంబంధాన్ని వివరించేటప్పుడు శాస్త్రజ్ఞులు తరచు ఈ ఉదాహరణ చెబుతారు. మన దేశంలో ఐదు రకాల నీలినాలుక వైరస్‌లకు పనిచేసే టీకా అందుబాటులో ఉంది.

చిటుక రోగం: తొలకరి వానలకు మొలిచిన లేత పచ్చిగడ్డిని గొర్రెలు ఆబగా మేసినప్పుడు పేగుల్లో ఒక రకం సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తాయి. చిటికెలో పశువు చనిపోతుంది. దీనికి టీకా తొలకరికి ముందే వేయించాలి. తొలకరి ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో టీకా అదను కూడా తప్పుతుంది. కాబట్టి మేఘాన్ని చూసి కాక, ఎండాకాలం ముగియకముందే టీకా వేయించడం క్షేమం.

9.6 మంద తరగడం, తేరుకోవడం

మేత కరువైన ఏడాది కాపరి ముందు రెండే దారులుంటాయి: మేత కొనడం, లేదా పశువులను అమ్మడం. అందరికీ ఒకేసారి మేత కావాలి కాబట్టి గడ్డి ధర పెరుగుతుంది. అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి పశువు ధర పడిపోతుంది. అమ్మిన గొర్రెతో కొనగలిగే గింజలు తగ్గుతాయి. 1970ల ఆరంభంలో ఇథియోపియాలో వచ్చిన కరువులో పశుపోషకులు పశువుల చావులతోపాటు ఈ ధరల పతనం వల్ల కూడా ఆకలి పాలయ్యారని అమర్త్యసేన్ 1981లో వెలువడిన ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ గ్రంథంలో విశ్లేషించాడు. మన సంతల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

ఇప్పుడు మంద తేరుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఒక ఊహాత్మక లెక్క ద్వారా చూద్దాం.

ఒక కాపరికి 40 తల్లిగొర్రెలు ఉన్నాయనుకోండి. ఏడాదికి 40 పిల్లలు పుట్టి 32 బతుకుతాయి. వాటిలో 16 మగవి, 16 ఆడవి. ముసలివై, జబ్బుపడి తగ్గే 8 తల్లుల స్థానంలో 8 ఆడపిల్లలను ఉంచుకుంటాడు. మిగిలిన 8 ఆడపిల్లలు, 16 పొట్టేళ్లు, మొత్తం 24 అమ్మకానికి వస్తాయి. ఇది మామూలు ఏడాది.

కరువు వచ్చి 20 తల్లులను అమ్మేశాడు. ఇకమీదట ఒక్క ఆడపిల్లనూ అమ్మకుండా అన్నింటినీ ఉంచుకున్నాడనుకుందాం. అప్పుడు ఏటా వందకు 40 ఆడపిల్లలు చేరతాయి, 20 తల్లులు తగ్గుతాయి. అంటే పెరుగుదల 20 శాతం:

- కరువు ఏడాది చివర: 20
- 1 ఏడాది తరువాత: 24
- 2 ఏళ్ల తరువాత: 29
- 3 ఏళ్ల తరువాత: 35
- 4 ఏళ్ల తరువాత: 41

తేరుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఈ నాలుగేళ్లలో అమ్మకానికి వచ్చేవి పొట్టేళ్లు మాత్రమే: వరుసగా 8, 10, 12, 14, మొత్తం 44. మామూలుగా అయితే నాలుగేళ్లకు 96 అమ్మేవాడు. అంటే నాలుగేళ్లపాటు సగానికన్నా తక్కువ ఆదాయంతో, ఇంట్లో ఎంత అవసరం వచ్చినా ఆడపిల్లను ముట్టుకోకుండా నిలబడాలి. ఆడపిల్ల పెరిగి ఈనడానికి పట్టే దాదాపు ఏడాదిన్నర కాలాన్ని ఈ లెక్కలో చేర్చలేదు. అది చేరిస్తే గడువు ఇంకా పెరుగుతుంది.

మూడేళ్లకే మళ్లీ కరువు వచ్చి సగం మంద అమ్మవలసి వస్తే? 35 కాస్తా 17 అవుతుంది. మరో మూడేళ్లకు 30కి చేరి, మళ్లీ కరువొస్తే 15కు పడుతుంది. ప్రతి కరువూ మునుపటి అంత తీవ్రమైనదే. అయినా మంద కరిగిపోతూ వచ్చింది. కారణం కరువు తీవ్రత కాదు, రెండు కరువుల మధ్య ఎడం తగ్గడం. దశాబ్దానికి రెండుకు పైగా కరువులంటే సగటు ఎడం ఐదేళ్ల లోపే. మంద తేరుకొనే గడువు, కరువు తిరిగొచ్చే గడువు దాదాపు ఒకదానికొకటి తాకుతున్నాయన్న మాట. గేదెల విషయంలో పరిస్థితి మరింత కష్టం. పెయ్యదూడ ఎదిగి మొదటి ఈత ఈనేసరికి సుమారు నాలుగేళ్లు పడుతుంది.

ఇదే లెక్కలో ఆశ కూడా ఉంది. కరువు ఏడాది 20కి బదులు 10 తల్లులను మాత్రమే అమ్మి 30 నిలుపుకోగలిగితే? మొదటి ఏడాదికి 36, రెండో ఏడాదికి 43. తేరుకొనే గడువు నాలుగేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. పది గొర్రెలకు సరిపడా మేత దాచుకోవడం కుటుంబానికి రెండేళ్లు మిగిల్చింది. బీమా ఈ పని చేయలేదు. మామూలు పశుబీమా పశువు చనిపోతే పరిహారం ఇస్తుంది, చౌకగా అమ్ముకున్న పశువుకు ఇవ్వదు.

> మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
> 3. కరువులో గడ్డి ధర, పశువు ధర వ్యతిరేక దిశల్లో ఎందుకు కదులుతాయి?
> 4. పై లెక్కలో కాపరి 15 తల్లులను అమ్మి 25 నిలుపుకుంటే, మంద 40 దాటడానికి ఎన్నేళ్లు పడుతుంది?

9.7 తట్టుకొనే మార్గాలు

ఏ ఉపాయాన్నైనా ఒక ప్రశ్నతో పరీక్షించండి: ఇది చెడ్డ ఏడాదిలో తల్లిపశువును అమ్మకుండా ఆపగలదా?

మేత నిల్వ: ఇది మొదటి ప్రాధాన్యం. పంట బాగా వచ్చిన ఏడాదే మేత దాచాలి. వరిగడ్డిని తగలబెట్టకుండా వాములు వేసుకోవాలి. పచ్చిమేత ఎక్కువగా ఉన్నప్పుడు పాతరగడ్డిగా మార్చుకోవచ్చు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కలిపి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెడితే అరుగుదల, మాంసకృత్తుల విలువ పెరుగుతాయి. కొలత మించితే యూరియా విషమే. దూడలకు ఈ గడ్డి పెట్టరాదు.

చెట్లు: అవిశ, సుబాబుల్ వంటి చెట్లు గట్లమీద ఉంటే గడ్డి ఎండినా ఆకు దొరుకుతుంది, నీడా ఉంటుంది. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు.

నీడ, నీరు, వేళలు: రేకుల కొట్టంపై గడ్డి కప్పడం, సున్నం వేయడం, గేదెలపై రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చల్లడం తక్కువ ఖర్చు పనులు. ఎండుమేత రాత్రిపూట వేస్తే పులియడం వల్ల పుట్టే వేడి చల్లని వేళలో పోతుంది. మందను తెల్లవారుజామున, సాయంత్రం మేపి మధ్యాహ్నం నీడన నిలపాలి. గేదెలను వేకువన, రాత్రివేళ గమనిస్తే మూగ ఎద దొరికే అవకాశం ఎక్కువ.

జాతి ఎంపిక: దక్కనీ గొర్రె చిన్నది, నల్లని ముతక ఉన్నిది. కాపరి భుజాన ఉండే గొంగడి ఆ ఉన్నితో నేసినదే. ఉన్నికి గిరాకీ పోయాక, మాంసం బరువు కోసం నెల్లూరు పొట్టేళ్లతో సంకరం చేయడం పెరిగింది. నెల్లూరు గొర్రె ఎత్తైనది, వేడిని బాగా తట్టుకొనేది. అయితే దూర ప్రయాణాలకూ, తడికీ చలికీ, తక్కువ మేతకూ అలవాటుపడిన దక్కనీ గుణాలు మందలో పూర్తిగా పోవడం మంచిది కాదు. బరువు ఒక్కటే చూడక, చెడ్డ ఏడాదిలో ఏ తల్లి నిలబడి పిల్లను సాకిందో గుర్తుంచుకొని దాని పిల్లలనే పెంపకానికి ఉంచాలి.

ఉమ్మడి ఏర్పాట్లు: మేత బంజర్లను, మంద దారులను పంచాయతీ కాపాడటం, కరువు ఆరంభంలోనే పశుగ్రాస శిబిరాలు తెరవడం ప్రభుత్వ పరంగా ముఖ్యం. సగం పశువులు సంతకు పోయాక తెరిచిన శిబిరం వల్ల ప్రయోజనం తక్కువ. 2017లో తెలంగాణలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీపై పంపిణీ చేసే పథకం మొదలైంది. ఇటువంటి పథకాలు మంద సంఖ్యను పెంచుతాయి. ఆ సంఖ్యకు తగ్గ మేత, మేపే భూమి కూడా ఉన్నప్పుడే అవి నిలుస్తాయి.

9.8 వాతావరణ మార్పులో పశువుల పాత్ర

పశువులు బాధితులే కాదు, కారణంలో భాగం కూడా. మానవ కార్యకలాపాల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో 14.5 శాతం పశుపోషణ రంగానివని ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. దాణా పంటల సాగు, అందుకోసం అడవుల నరికివేత, పేడ నిర్వహణ కూడా ఇందులో ఉన్నాయి. నెమరువేసే పశువు తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం మీథేన్‌గా పోతుంది. నాసిరకం పీచుమేతతో ఈ వృథా ఎక్కువ. కాబట్టి మేత నాణ్యత పెంచితే లీటరు పాలకు వెలువడే మీథేన్ తగ్గుతుంది, రైతుకూ పాలు పెరుగుతాయి. చిన్న పోషకుని విషయంలో ఈ రెండు ప్రయోజనాల మధ్య వైరుధ్యం లేదు.

9.9 సారాంశం

వాతావరణ మార్పు వేడి ఒత్తిడి, మేత–నీటి కొరత, వ్యాధుల ద్వారా పశువులను తాకుతుంది. ఈ మూడూ కలిసి చిన్న పోషకుణ్ణి తల్లిపశువులను అమ్ముకొనే స్థితికి తెస్తాయి. మంద తిరిగి పెరగడానికి జీవశాస్త్రపరంగా ఒక గడువు ఉంది, దాన్ని తగ్గించలేం. చెడ్డ ఏళ్ల మధ్య ఎడం ఆ గడువుకన్నా తగ్గితే మంద క్రమంగా అంతరిస్తుంది. మనం మార్చగలిగింది చెడ్డ ఏడాదిలో ఎన్ని తల్లులను నిలుపుకుంటామన్నది. మేత నిల్వ, చెట్లు, టీకాలు, మేత భూముల రక్షణ అందుకు సాధనాలు.

9.10 ముఖ్య పదాలు

వేడి ఒత్తిడి: శరీరంలో చేరిన వేడిని పశువు బయటికి పంపలేని స్థితి.
మూగ ఎద: బయటికి లక్షణాలు కనిపించని ఎద.
నాము: కోసిన జొన్న మోళ్ల నుంచి పుట్టే విషపూరితమైన లేత పిలకలు.
పాతరగడ్డి: గాలి తగలకుండా పాతరవేసి నిల్వచేసిన పచ్చిమేత.

9.11 మాదిరి జవాబులు

1. మూగ ఎద వల్ల ఎద గుర్తించలేక, చూడి కట్టించే అదను తప్పుతుంది.
2. సుమారు 86.
3. మేత అందరికీ ఒకేసారి కావాలి, పశువులను అందరూ ఒకేసారి అమ్ముతారు.
4. మూడేళ్లు (30, 36, 43).

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చిన్నకారు పశుపోషణపై వాతావరణ మార్పు ప్రభావాలను చర్చించండి.
2. మంద తేరుకొనే గడువు, కరువుల మధ్య ఎడం – ఈ రెండింటి సంబంధాన్ని ఉదాహరణతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఉష్ణోగ్రత – తేమ సూచిక ఉపయోగం, పరిమితులు తెలపండి.
2. నీలినాలుక వ్యాధికి, వర్షాలకు గల సంబంధం ఏమిటి?
3. మీ ఊరిలో గొర్రెలో, గేదెలో ఉన్న ఒక కుటుంబాన్ని కలవండి. గడచిన పదేళ్లలో ఏ ఏడాది ఎన్ని తల్లిపశువులను అమ్మారో, మంద మళ్లీ ఎప్పటికి పెరిగిందో అడిగి పట్టిక తయారుచేయండి.